పంచాంగం గడిలో పోటు, పాటు కూడా వేయండి

సంపాదకులు గారికి నమస్కారం.

నాది ముమ్మిడివరం. కర్రీ పాయింటు నడుపుతాను. పొద్దున పదకొండు కల్లా కూరలన్నీ గిన్నెల్లో ఉండాలి, రాత్రి తొమ్మిదికి ఆ గిన్నెలన్నీ కడిగి బోర్లించాలి. పత్రికలకి ఉత్తరాలు రాసే తీరిక నాకెప్పుడూ లేదు, ఇదే మొదటిది. మిమ్మల్ని అడగబోయేది చాలా చిన్న పని. కానీ జరిగింది చెప్పకుండా అడిగితే ఈవిడకేం తోచలేదా అనుకుంటారు. అందుకని ముందు జరిగింది రాస్తాను.

ఏటా కార్తీకంలో మా వాళ్ళందరం వనభోజనాలకి మా ఆడపడుచు గారి కొబ్బరితోటకి వెళ్తాం. అక్కడ ఉసిరి చెట్టు ఉంది. ఈసారి హైదరాబాదు నుంచి వచ్చిన మా అమ్మాయి, "ఎప్పుడూ ఆ తోటేనా అమ్మా" అని ఫోను చూపించింది. కాకినాడ వైపు ఒక రేవు నుంచి ప్రైవేటు బోటు. మడ అడవుల మధ్య పాయలోంచి తీసుకెళ్ళి, కాకినాడ బేలో తిప్పి, దూరం నుంచి హోప్ ఐలాండు చూపించి మూడు గంటల్లో తెచ్చేస్తారట. ఏడు వేలు. "మీ కుటుంబానికి మాత్రమే" అని గులాబీ పూల మధ్యలో రాసి ఉంది. సరే, పిల్లల సరదా. మా అత్తయ్యగారు మాత్రం ఉసిరి లేని వనభోజనం ఏమిటని తోటకి కబురు పంపి ఒక కొమ్మ విరిపించి తెప్పించుకున్నారు. బోటులో ఆ కొమ్మని ఎక్కడ నిలబెట్టాలన్నది ఆవిడ బెంగ.

మా మామయ్యగారికి డెబ్భై ఎనిమిదేళ్ళు. ఆయన ఎదుర్లంక రేవులో లాంచీ నడిపిన సరంగు. 2002లో బాలయోగి గారి పేరు మీద వంతెన తెరిచేదాకా మా కోనసీమ వాళ్ళు యానాం వెళ్ళాలన్నా, కాకినాడ వెళ్ళాలన్నా ఎక్కువగా ఆ రేవులోనే గోదావరి పాయ గౌతమిని దాటేవారు. బస్సులు, లారీలు బల్లకట్టు లాంటి పంటు ఎక్కేవి, మనుషులు లాంచీ ఎక్కేవారు. వంతెన వచ్చాక ఆయన పడవ ముఖం చూడలేదు. సముద్రం నీళ్ళు పైకెక్కడాన్ని మా వైపు పోటు అంటాం, వెనక్కి తగ్గడాన్ని పాటు అంటాం. బుకింగ్ అయిపోయిందని చెప్పగానే ఆయన అడిగింది ఒక్కటే.

"పోటు ఎప్పుడని అడిగావా అమ్మా?"

"స్లాట్ పదింటికి తాతయ్యా" అంది మా అమ్మాయి.

ఆయన కాసేపు వేళ్ళు మడిచి లెక్కపెట్టుకున్నారు. పున్నమి వెళ్ళిన మర్నాడు మేం వెళ్తున్నది. మా వైపు అమావాస్యకీ పున్నానికీ పొద్దున తొమ్మిది అటూ ఇటూగా నిండు పోటు ఉంటుందట. అక్కణ్ణుంచి రోజుకి ముప్పావు గంట పైచిలుకు ఆలస్యమవుతూ పోతుంది. పోటు నిండిన ఆరు గంటలకి కాస్త అటూ ఇటూగా పాటు అడుగుకి చేరుతుంది. "పదంటే ఫరవాలేదు. ఒంటిగంటకి వచ్చేస్తాం కదా, నీళ్ళుంటాయి" అన్నారు. మా అల్లుడు ఇదేదో జాతకం చూస్తున్నారనుకున్నాడు.

తొమ్మిదిన్నరకే రేవులో ఉన్నాం, పదమూడు మందిమి. బోటు లేదు. ఏదో ఆఫీసు వాళ్ళ బృందం అంతకుముందే పట్టుకుపోయిందట. "గంటలో వచ్చేస్తుందండి" అన్నాడు బుకింగ్ కుర్చీలో ఉన్నాయన. వచ్చేసరికి పన్నెండూ నలభై. మామయ్యగారు రేవు మెట్ల మీద కూర్చుని నీళ్ళకేసి చూస్తున్నారు. మేం వచ్చినప్పుడు నాలుగో మెట్టు తడిగా ఉంది, ఇప్పుడు ఏడో మెట్టు కూడా ఎండిపోతోంది. ఆయన లేచి వెళ్ళి ఇప్పుడు వద్దు, డబ్బులు ఇచ్చేయండి, లేదా రేపు పొద్దున పంపండి అని చెప్పారు. కుర్చీలో ఆయన నవ్వాడు. రేపు ఫుల్ అట, డబ్బులు తిరిగి ఇవ్వరట. పైగా "మీ కుటుంబానికి మాత్రమే" అన్న బోటులోకి ఇంకో నలుగుర్ని ఎక్కించాడు. "మా వాళ్ళేనండి, మూల కూర్చుంటారు" అన్నాడు. పాపం ఆ నలుగురూ కూడా డబ్బులు కట్టినవాళ్ళేనని తర్వాత తెలిసింది. మూల కూర్చోవడానికే తలా ఐదొందలు.

ఆ బోటు ఎవరిదో, ఆ రేవు ఏదో నేను రాయను. ఒకరి పేరు పత్రికలో వేయించి తృప్తి పడటానికి కాదు ఈ ఉత్తరం.

డ్రైవరు ముప్పై ఏళ్ళ అబ్బాయి, చేపల వేటకెళ్ళే ఇంటివాడే. సాయంగా ఓ కుర్రాడు. వాళ్ళిద్దరితో కలిపి పంతొమ్మిది మందిమి, లైఫ్ జాకెట్లు పద్నాలుగు. మా మనవడికి నాలుగేళ్ళు, వాడి సైజుది ఒక్కటీ లేదు. పెద్దది తొడిగితే వాడు లోపల్నుంచి కిందికి జారిపోతున్నాడు. జాకెట్లు ఉన్నవాళ్ళందరినీ వరసగా నిలబెట్టి రేవులో ఒక ఫొటో తీసుకున్నారు. పాయలోకి తిరగ్గానే, "ఉక్కగా ఉంటే తీసి పెట్టుకోండి, లోతు లేదిక్కడ" అన్నాడు ఆ కుర్రాడు. లోతు లేదన్న ఆ మాట కాసేపటికి ఇంకో అర్థంలో నిజమైంది.

అబద్ధం చెప్పకూడదు, ఆ పాయ బాగుంది. కోరంగి మడ అడవిని 1978లోనే అభయారణ్యం చేశారు. నలభై ఏళ్ళుగా పక్కనే ఉంటూ లోపలికి నేనెప్పుడూ వెళ్ళలేదు. రెండు వైపులా చెట్లు నీళ్ళ మీదికి వంగి ఉన్నాయి, వాటి మొదళ్ళ చుట్టూ బురదలోంచి వేళ్ళు మేకుల్లా పైకి మొలిచి ఉన్నాయి. ఉప్పు బురదలో గాలి ఆడదు కాబట్టి ఆ చెట్లు వేళ్ళని పైకి పంపి ఊపిరి తీసుకుంటాయట. స్పీకరు పెట్టకపోయి ఉంటే ఇంకా బాగుండేది. బావురు పిల్లులున్నాయి చూడండి, నీటికుక్కలున్నాయి చూడండి అని చెబుతూనే ఆ పాటలేమిటో! అంత మోతకి పిల్లి కాదు, పులైనా నిలబడదు. మా అత్తయ్యగారు మాత్రం కోరంగి పేరు వినగానే వాళ్ళ తాత కథ ఎత్తుకున్నారు. ఆ కాలంలో ఈ వైపు నుంచి రంగూను వెళ్ళిన వాళ్ళెందరో. బర్మాలో మనవాళ్ళని కోరంగీలనే పిలిచేవారట. 1789లో, 1839లో వచ్చిన ఉప్పెనలకి కోరంగి రేవు ఊడ్చుకుపోయింది. ఇవాళ మనం తుఫానుకి వాడే సైక్లోన్ అన్న ఇంగ్లీషు మాటని తయారుచేసిన హెన్రీ పిడింగ్టన్ అనే ఆయన ఈ కోరంగి తుఫానుల గురించి కూడా రాశాడు. మా అల్లుడు ఇది ఫోనులో చదివి వినిపించాడు. 1996 నవంబరు తుఫాను రాత్రి కళ్ళారా చూసిన నాకు ఆ మాట ఎక్కడ పుట్టిందో చెప్పక్కర్లేదు.

పాయ సముద్రంలో కలిసే మొగ దాటి బేలోకి వచ్చేసరికి రెండు కావస్తోంది. ఎదురుగా ఒక సన్నటి గీతలాగా హోప్ ఐలాండు. పదహారు కిలోమీటర్ల పొడవు ఇసక తిన్నె అది. గోదావరి మోసుకొచ్చిన ఇసకతో ఈ రెండు వందల ఏళ్ళలోనే అంత పెరిగింది. కాకినాడకి సముద్రం కొట్టకుండా అడ్డుగోడ అదే. దూరంగా లంగరేసిన ఓడలు, వాటి దగ్గరికి బియ్యం బస్తాలు మోసుకెళ్ళే బార్జీలు కనిపించాయి. ఆ తిన్నె చాటున నీళ్ళు ఎంత నెమ్మదిగా ఉన్నాయంటే, మా అత్తయ్యగారి ఉసిరి కొమ్మ నీడ కూడా కదలకుండా కనిపించింది. నెమ్మదిగా ఉన్న నీళ్ళల్లోనే కదండీ ఒండ్రు దిగేది! గౌతమి తెచ్చిన బురదంతా అక్కడ పేరుకుంటుంది. అందుకే ఆ బే అందంగానూ ఉంటుంది, మోకాలి లోతుగానూ ఉంటుంది.

డ్రైవరు ముఖం అప్పటికే మారిపోయింది. ఐలాండు వైపు వెళ్ళకుండా బోటు తిప్పేశాడు. మొగ దగ్గరికి వచ్చేసరికి కింద ఏదో ఒరుసుకున్న చప్పుడు. ఇంజను రయ్యిమంది, వెనకాల నీళ్ళు కాఫీ రంగులోకి తిరిగాయి. మరో రెండు గజాలు వెళ్ళి బోటు ఆగిపోయింది. రెండున్నర అయింది అప్పుడు. కుర్రాడు గెడ పట్టుకుని దూకాడు. తొడల దాకా బురదలో దిగిపోయి, కాలు లాగితే చెప్పు రాలేదు. మగవాళ్ళు దిగి తోస్తామన్నారు. మామయ్యగారు ఎప్పుడూ గొంతు పెంచరు, ఆ రోజు పెంచారు. "ఒక్కడు దిగినా మీ పీకల మీద ఒట్టు. ఇది గోదారి ఇసక కాదు, కాలు పెడితే వదలదు. ఇంజను ఆపవయ్యా ముందు, ఫ్యాను విరుగుతుంది."

"ఆయ్, ఆపేశానండి తాతగారూ" అన్నాడు డ్రైవరు. తర్వాత మెల్లిగా, "నేను పన్నెండింటికే ఫోన్ చేసి చెప్పానండి, ఇప్పుడెళ్తే పాటులో పడిపోతామని. ట్రిప్ మానేస్తే నీకు డబ్బులుండవన్నారు" అన్నాడు. ఆ అబ్బాయి తప్పేం లేదని అందుకే రాస్తున్నాను.

అప్పుడు మామయ్యగారు నా చెయ్యి పట్టుకున్నారు. కర్రీ పాయింటు వాళ్ళ ముంజేతికి గాజులతో పాటు రబ్బరు బ్యాండ్లు కూడా ఉంటాయి, పొట్లాలకి వేసేవి. ఇల్లు వదిలినా అవి వదలవు. ఒక ఎర్రది తీసుకుని, గెడని బోటు పక్కన బురదలో నిలువుగా పాతించి, సరిగ్గా నీళ్ళు తాకే చోటికి ఆ బ్యాండుని ఎక్కించమన్నారు. "ఇక దాన్ని చూస్తూ ఉండండి, నన్ను అడగొద్దు" అన్నారు.

పావుగంటకి బ్యాండు నీళ్ళకి నాలుగు వేళ్ళ పైన ఉంది. ఇంకో పావుగంటకి జానెడు. చుట్టూ నీళ్ళు జారిపోయి బురద మెరవడం మొదలైంది. మూడున్నరకి మేం నేల మీద పెట్టిన పళ్ళెంలా కూర్చుని ఉన్నాం. ఒక పక్కకి ఒరిగింది బోటు. పులిహోర గిన్నె ఆ పక్కకి జారింది. రేవు నుంచి ఇంకో బోటు పంపించారు. అది రెండు వందల గజాల దూరంలో ఆగిపోయి, దాన్లోంచి ఒకాయన చెయ్యి ఊపి, కాసేపటికి అది కూడా ఇరుక్కుపోతుందేమోనని వెనక్కి పోయాడు. సిగ్నల్ వచ్చీ పోయీ, చివరికి నా ఫోను ఛార్జింగ్ కూడా అయిపోయింది.

భయం లేదంటే అబద్ధమే. మునిగిపోవడానికి అక్కడ నీళ్ళు లేవు, అది నిజమే. కానీ 2018 జులైలో మా పక్క మండలం పశువుల్లంక దగ్గర బడి పిల్లల పడవకి జరిగింది మా వైపు ఎవరూ మర్చిపోలేదు. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర బోటు మునిగిందన్న రోజు మా ఇంట్లో అన్నం ముట్టలేదు, మామయ్యగారు టీవీ ముందు నుంచి లేవలేదు. బోటు ఒరిగేసరికి మా అమ్మాయికి అవన్నీ గుర్తొచ్చి టెన్షన్‌తో పిల్లాణ్ణి ఒళ్ళోంచి దింపలేదు. ఇక ఆడవాళ్ళం తొమ్మిది మందిమి, పొద్దుటి నుంచి బాత్రూం లేదు. దాని గురించి ఇంతకంటే రాయలేను, ఆడవాళ్ళకి అర్థమవుతుంది. మామయ్యగారికి షుగరు, నాలుగింటి మాత్ర కారులో ఉండిపోయింది. తిండి మాత్రం దండిగా ఉంది, ఆ ఒక్కటీ నా వృత్తి పుణ్యం. ఆ మూల కూర్చున్న నలుగురికీ కూడా పనసపొట్టు కూర వడ్డించాను. ఉసిరి కొమ్మ కింద అందరం తిన్నట్టే లెక్క అని అత్తయ్యగారు తేల్చేశారు.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. స్పీకరు ఆగిపోయాక ఆ బురద బతికింది. వేలెడంత చేపలు బురద మీద పొట్టతో పాకుతూ, ఉన్నట్టుండి గెంతుతూ తిరిగాయి. ఒక చెయ్యి మాత్రమే పెద్దదిగా, ఎర్రగా ఉన్న బుల్లి పీతలు వందలకొద్దీ బొరియల్లోంచి బయటికొచ్చి ఆ చెయ్యి ఎత్తి ఎత్తి దింపాయి. మా మనవడు ఏడుపు ఆపి వాటికి టాటా చెప్పడం మొదలుపెట్టాడు. ఏడు వేలలో పైసా విలువైన గంట ఏదైనా ఉంటే అదే.

నాలుగుంపావుకి చూస్తే గెడ మొదట్లో కాసిని నీళ్ళు, బ్యాండు మూరెడు పైన. నాలుగున్నరకీ అంతే. మామయ్యగారు అప్పటిదాకా కళ్ళు మూసుకుని ఉన్నారు. తెరిచి, "నిలబడింది. ఇక ఎక్కుతుంది" అన్నారు. మా ఆయన నమ్మలేదు. ఐదింటికి గెడ చుట్టూ గడ్డిపోచ ఒకటి తిరగడం మొదలైంది, సముద్రం వైపు నుంచి లోపలికి. ఐదున్నరకి పొద్దు కుంకింది, దోమలు ముసిరాయి. చీకట్లో బ్యాండు కనిపించక అల్లుడు ఫోను లైటు వేశాడు. ఆరు దాటాక నీళ్ళు వచ్చి ఆ ఎర్ర బ్యాండుని తాకాయి. సరిగ్గా అప్పుడే, ఎవరూ తోయకుండానే, బోటు ఒక్కసారి ఊగి నిటారుగా నిలబడింది. తూర్పున చంద్రుడు అప్పుడే పైకి వస్తున్నాడు. ఎవరం ఏమీ మాట్లాడలేదు. డ్రైవరు అబ్బాయి మామయ్యగారి కాళ్ళకి దణ్ణం పెట్టబోతే, "ముందు ఇంజను చూడు" అన్నారు.

రేవు చేరేసరికి ఏడున్నర. బుకింగ్ ఆయన అక్కడే ఉన్నాడు. క్షమాపణ అడుగుతాడనుకున్నాం. "నేచర్ కదా మేడమ్, మన చేతిలో ఏముంది" అన్నాడు.

ఈ ఉత్తరం ఆ మాటకి జవాబు. ఉరుము వచ్చే వేళ మన చేతిలో లేదు, నిజమే. పోటు అలా కాదు. రైలుకైనా లేటు ఉంటుంది కానీ పోటుకి ఉండదు. రేపటిదే కాదు, వచ్చే ఏడాది ఏ రోజు ఏ పెద్ద రేవులో ఎన్ని గంటలకి నీళ్ళు ఎక్కుతాయో, ఎంత ఎక్కుతాయో సర్వే ఆఫ్ ఇండియా వాళ్ళు ముందే లెక్కగట్టి పుస్తకం వేస్తారు. సముద్రం సంగతులు చూసే ఇన్‌కాయిస్ అనే కేంద్ర సంస్థ మన హైదరాబాదులోనే ఉంది. పెద్ద ఓడలు ఆ లెక్క చూసుకునే కదులుతాయి. వేటకెళ్ళేవాళ్ళు తిథి చూసుకుని వెళ్తారు. మధ్యలో ఈ టూరిస్టు బోట్లు మాత్రమే సినిమా హాలు లాగా పదింటి ఆట, ఒంటిగంట ఆట అని టికెట్లు అమ్ముతున్నాయి. గోదావరికి వరద పెరిగితే పాపికొండల బోట్లు ఆపేస్తున్నారు, అది అందరూ ఒప్పుకుంటున్నారు. మరి బేలో రోజుకి రెండుసార్లు నీళ్ళు తగ్గుతుంటే ఎవరూ ఆపరెందుకు?

అధికారులకి నా విన్నపం పెద్దదేం కాదు. బోటు ఎక్కించే ప్రతి రేవులోనూ ఒక బోర్డు పెట్టించండి. ఇవాళ నిండు పోటు ఎన్నింటికి, పాటు ఎన్నింటికి, ఎన్ని గంటల తర్వాత బోటు కదలకూడదు, ఈ మూడూ తెలుగులో ఉంటే చాలు. ఎదుర్లంక రేవులో లాంచీలు నడిచిన రోజుల్లో టీ బడ్డీ గోడ మీద మామయ్యగారే రోజూ సుద్దముక్కతో రాసేవారట. ఆ వేళ దాటితే బోటు యజమాని కాదు, డ్రైవరు ట్రిప్పు ఆపగలగాలి, ఆపితే అతని కూలి పోకూడదు. డబ్బులు వాపసు ఇవ్వాలి. మందికి సరిపడా జాకెట్లు, పిల్లల సైజువి కూడా ఉన్నాయో లేదో ఫొటోలో కాదు, రేవులో లెక్కపెట్టాలి. బోటుకి రిజిస్ట్రేషను, సర్వే సర్టిఫికెట్టు, బీమా ఉన్నాయో లేదో అడిగే హక్కు మాకుందని ఆ బోర్డు కిందే రాస్తే ఇంకా మంచిది. నేనైతే అడగలేదు, అడగాలని కూడా తెలియలేదు. కర్రీ పాయింటుకి లైసెన్సు అద్దం వేసి గోడకి తగిలిస్తాను, వాళ్ళు బోటుకి ఎందుకు తగిలించరో నాకు తెలియదు.

ఇక మిమ్మల్ని అడిగేది. మీ పత్రికలో రోజూ పంచాంగం గడి వేస్తారు. తిథి, నక్షత్రం, వర్జ్యం, దుర్ముహూర్తం, రాహుకాలం, సూర్యోదయం, సూర్యాస్తమయం, అన్నీ ఉంటాయి. మా అత్తయ్యగారు కాఫీ కంటే ముందు అదే చూస్తారు. మా జిల్లాల పేజీలో వేసే గడిలో కాకినాడకి ఆ రోజు పోటు ఎన్నింటికో, పాటు ఎన్నింటికో కూడా వేయండి. కార్తీకం, సంక్రాంతి సెలవులు, ఎండాకాలం సెలవులు వస్తే మా వైపు జనం బోట్లు ఎక్కుతారు. హైదరాబాదు నుంచి, విశాఖ నుంచి వచ్చినవాళ్ళకి మామయ్యగారి లాంటి తాతయ్య పక్కన ఉండడు. పేపరు ఉంటుంది, లేదా పేపరు ఫోనులో ఉంటుంది. చోటు చాలకపోతే ఇంకేదీ తీసేయక్కర్లేదు, వర్జ్యం పక్కన ఒక్క లైను చాలు.

మీరు వేస్తే ఆ మొదటి రోజు గడిని కత్తిరించి మా షాపు గోడకి అంటిస్తానని మామయ్యగారికి మాటిచ్చాను. వేసినా వేయకపోయినా ఆయనైతే వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూనే ఉన్నారు. ఈ ఉత్తరం రాస్తుంటే పక్కనుంచి, "ఇవాళ అష్టమి, పోటు మందకొడిగా ఉంటుందని కూడా రాయి" అన్నారు. రాశాను.

ఇట్లు,
మీ పాఠకురాలు,
ముమ్మిడివరం, డా. బి.ఆర్. అంబేడ్కర్ కోనసీమ జిల్లా.